పద్నాలుగు క్యాసెట్లు, ఒక కండక్టరు: ఛత్తా బజార్‌లో మా తాత గొంతు తిరిగి తెచ్చుకున్నాను

ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని హైదరాబాద్‌లో ఎవరు బాగా చేస్తారని నన్ను ఈ మధ్య చాలామంది అడిగారు. నేను రెండు చోట్ల చేయించాను. మొదటి చోట ఒక్క క్యాసెట్‌తో ఆపేశాను. రెండో చోట పద్నాలుగూ ఇచ్చాను. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండో చోటు గురించి. షాపు పేరు, ఫోన్ నంబరు ఇవ్వట్లేదు. అక్కడ పని చేసేది ఒక్క మనిషే, నంబరు నెట్‌లో పెట్టొద్దని ఆయనే అడిగారు. ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు అచ్చువేసే ప్రెస్సుల మధ్య ఒక ఇరుకు మెట్ల దారి, పైన ఒక గది. కింద కార్డుల వాళ్ళని టేప్ రికార్డర్లు బాగుచేసే పెద్దాయన ఎక్కడ అని అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు.

ముందు ఆ క్యాసెట్లలో ఉన్న మనిషి గురించి చెప్పాలి. ఆయన ఎవరో తెలియకపోతే ఆ గదికి నేను ఇంత విలువ ఎందుకిస్తున్నానో అర్థం కాదు.

మా తాత 1930లో పుట్టాడు. 2023 ఎండాకాలంలో పోయాడు. ముప్పై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ 1951 నవంబర్‌లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. తాత ఆ మరుసటి ఏడు చేరాడు. ఖాకీ చొక్కా జేబులో రోజూ ఒక గులాబీ ఉండాల్సిందే. మెడలో ఎర్ర రుమాలు, చెవి మడతలో అత్తరు దూది. పై ఆఫీసరు ఒకాయన రుమాలు తీసెయ్యమంటే, "సార్, రుమాలు తీస్తే పాసింజర్లు నన్ను గుర్తు పట్టరు" అన్నాడట. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ నాలుగూ తన్నుకొచ్చేవి. అప్పటి హైదరాబాద్ స్టేట్‌లో తెలుగు జిల్లాలతోపాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి కదా, బస్సెక్కే వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్నాడు. చదివింది మాత్రం ఉర్దూ మీడియంలో నాలుగో జమాత్. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నానమ్మ నేర్పింది. చదవడం బాగానే వచ్చింది కానీ, చేత్తో ఏది రాసుకున్నా ఉర్దూలోనే రాసుకునేవాడు. ఈ సంగతి తర్వాత చాలా ముఖ్యమైంది.

1988లో రిటైరయ్యాడు. మరుసటి ఏడు మా మేనత్త భర్త కువైట్ నుంచి నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసినది, తెచ్చిచ్చాడు. పాటలు వింటాడనుకుంటే, తాత దాని ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దున్నే చాయ్ తాగి, ఎర్ర బటన్, నల్ల బటన్ కలిపి నొక్కి, "ఇంటున్నవా బిడ్డా" అని మొదలుపెట్టేవాడు. ఎవరిని బిడ్డా అంటున్నాడో మాకెవరికీ తెలియదు. నాకప్పుడు పన్నెండేళ్ళు, నన్నే అనుకునేదాన్ని. ఖాళీ క్యాసెట్లు అయిపోతే నానమ్మ భక్తి పాటల క్యాసెట్లు తీసి, పైన ఉండే రెండు చిన్న కన్నాలకు సెల్లోటేపు అంటించి వాటి మీదే రికార్డు చేసేవాడు. నానమ్మ కోప్పడేది. అందుకే ఇప్పుడు వింటుంటే తాత మాట ఆగిన చోట ఉన్నట్టుండి గుడి గంటలు మోగుతాయి.

2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది గుర్తుందా? నల్లకుంటలో మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. క్యాసెట్ల రేకు డబ్బా మంచం కింద ఉండింది. ఆరబెట్టి మళ్ళీ డబ్బాలో పెట్టేశాం. ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. తాత పోయాక, నెల మాసికం అయిన మర్నాడు నాన్న ఆ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. టేపుల అంచుల మీద తెల్లటి బూజు.

మొదట ఇచ్చిన షాపు పెద్దది, ఏసీ గది, రసీదు, అంతా పద్ధతిగానే ఉంది. శాంపిల్‌గా బూజు తక్కువ ఉన్న ఒక క్యాసెట్ ఇచ్చాను. రెండు రోజుల్లో వాట్సాప్‌లో ఫైలు వచ్చింది. తాత గొంతు శుభ్రంగా, రేడియోలో వార్తలు చదివినట్టు వినిపించింది. ఐదు నిమిషాలు విన్నాక నాన్న ఫోను పక్కన పెట్టి, "ఇది సంక్రాంతి నాటి క్యాసెట్ కదా, మిగతా వాళ్ళేరీ?" అన్నాడు.

నిజమే. అది మిద్దె మీద పతంగులు ఎగరేస్తూ రికార్డు చేసిన క్యాసెట్. తాతకి పతంగుల పిచ్చి. మాంజా ఆయనే పట్టేవాడు, డెబ్బై దాటాక కూడా దారం చుట్టే చరఖ్ ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఆ రోజు నాన్న, బాబాయి, పక్కింటి పిల్లలు, నేను అందరం అరుస్తున్నాం. అవతలి పతంగి తెగినప్పుడల్లా "అఫా!" అని గల్లీ అంతా ఒక్కసారి లేచేది. ఆ షాపు వాళ్ళు కంప్యూటర్‌లో "నాయిస్" తీసేశారు. తాత ఒక్కడే మిద్దె మీద నిలబడి "ఢీల్ ఇయ్యి, ఢీల్ ఇయ్యి" అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో లేదు. మధ్యలో ఎవరూ మాట్లాడని చోట్లు కూడా కత్తిరించేసి, గంట టేపుని నలభై రెండు నిమిషాలు చేశారు. అసలు ఫైలు ఇవ్వమంటే, అది దాచుకోం అన్నారు. క్యాసెట్ నా దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది.

ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే. టేపులో ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫైలు ముందు తీసుకోండి. శుభ్రం చేసినది కావాలంటే రెండోది తీసుకోండి. మొదటిది ఇవ్వని చోట మీ వాళ్ళ క్యాసెట్లు పెట్టకండి.

ఛత్తా బజార్ పెద్దాయన దగ్గరికి నన్ను పంపింది మా కాలనీలో వీణ నేర్పే టీచరు. ఆమె గురువుగారి కచేరీలు అక్కడే ఎక్కించుకున్నారట. గదిలో నాలుగు క్యాసెట్ డెక్‌లు, రెండు స్పూల్ మిషన్లు, ఒక కంప్యూటరు, గోడకి ఊడదీసిన మోటార్లు. ఏసీ లేదు. ఆయనకి అరవై ఐదు ఉంటాయేమో. డబ్బా మూత తీయగానే ముఖానికి మాస్కు పెట్టుకుని, నన్ను కిటికీ పక్కకి జరగమన్నారు. బూజు పట్టిన టేపుని నేరుగా డెక్‌లో వేస్తే ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత వేసే టేపులకి కూడా పాకుతుందట. మీ ఇంట్లో పాత టేప్ రికార్డర్ ఉంటే, ఆత్రంతో వేసి చూడకండి. నేను ఒకటి అలాగే వేసి చూశాను, అది నలిగింది.

తర్వాత ఆయన క్యాసెట్లు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని పేర్లు చదవడం మొదలుపెట్టారు. నాకు ఉర్దూ రాదు. నాన్నకీ రాదు. ముప్పై ఏళ్ళుగా ఆ లేబుళ్ళ మీద ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి, వేలు పెట్టి చదువుతుంటే నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "పతంగ్. రహీమ్ సాబ్. అమ్మా కీ తుగ్యానీ. నయా పైసా. రేడియో కా దిన్. మేరీ షాదీ, పహ్లా హిస్సా." ఒక్కో పేరు చదివాక ఒక్క క్షణం ఆగేవారు. "మీ తాత చేతిరాత బాగుంది అమ్మా, పాత బడి రాత" అన్నారు. అప్పటిదాకా అవి నాకు నంబర్లు లేని పద్నాలుగు ప్లాస్టిక్ ముక్కలు.

పని ఎలా చేశారో ఆయన విసుక్కోకుండా చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. ముందు వారం రోజులు సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టి తేమ లాగేశారు. బూజు దులిపి, టేపుని ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్ళీ వెనక్కి చుట్టారు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయట. మూడింటికి టేపుని హెడ్‌కి నొక్కి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. వాటి టేపు తీసి కొత్త పెట్టెల్లో వేశారు. ప్రతి క్యాసెట్ తర్వాత స్పిరిట్‌తో హెడ్ తుడవడం, ప్రతి క్యాసెట్‌కీ హెడ్ పక్కనున్న స్క్రూ తిప్పి గొంతు స్పష్టంగా వచ్చేదాకా చూడటం, ఇవన్నీ ఆయన మామూలు పనుల్లా చేసుకుపోయారు. గంట టేపుకి గంట పడుతుంది, త్వరగా చేసే దారి లేదు. నావి పదమూడు క్యాసెట్లు కలిపి పదిహేను గంటలు వచ్చాయి.

ఒక క్యాసెట్‌లో తాత గొంతు చిన్నపిల్లాడి గొంతులా కీచుగా వచ్చింది. రికార్డు చేసినప్పుడు బ్యాటరీలు వీకైతే మోటారు మెల్లగా తిరుగుతుంది, దాన్ని సరైన స్పీడులో వేస్తే మాట పరిగెడుతుంది. ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది? వెనకాల పక్కింట్లో ఆకాశవాణి పొద్దుటి ట్యూను మోగుతోంది. ఆయన ఆ ట్యూనుని తన దగ్గరున్న ఇంకో రికార్డింగ్‌తో పోల్చి, శ్రుతి కలిసేదాకా స్పీడు తగ్గించారు. తాత గొంతు మెల్లమెల్లగా దిగి, దిగి, ఒక్కచోట సరిగ్గా మా తాత అయింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ సరిపోలేదు. మొదటి షాపు వాళ్ళయితే ఆ రేడియోని నాయిస్ అని తీసేసేవారు.

ఆ క్యాసెట్ "నయా పైసా". దానికోసమే మా ఇంట్లో అందరూ పోటీ పడుతున్నారు. తాత చేరినప్పుడు సంచీలో రెండు రకాల డబ్బు ఉండేదట, నిజాం డబ్బు హాలీ సిక్కా ఒకటి, బ్రిటిష్ ఇండియా డబ్బు కల్దార్ ఒకటి. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్. నడిచే బస్సులో, ఇనుప కడ్డీ పట్టుకుని, ఆ లెక్క నోటికి చెప్పాలి. అది అలవాటయ్యేసరికి 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. తాత గొంతులోనే రాస్తాను:

"ఇగ సూడు బిడ్డా, అణాకు ఆరు పైసలన్నరు. రొండణాలకు పన్నెండు. మరి మూడణాలకు పద్దెనిమిదే గదా? గాదంట, పందొమ్మిదంట! నాలుగణాలకు ఇర్వై అయిదు. గా ఒక్క పైస కోసం నాతోని ఎంత మంది కొట్లాడిండ్రో! ఒక ముసలమ్మయితే అణా అణా ఇడిగా ఇచ్చి మూడు టిక్కెట్లు కొట్టుమన్నది. ఆమెకు లెక్క నాకంటె బాగ తెల్సు."

రూపాయికి పదహారు అణాలు, వంద పైసలు. అణాకి ఆరుంపావు పైసలు వస్తాయి కాబట్టి ఆ పావు ఎక్కడో ఒకచోట తేలాలి. ఇది నేను ఎప్పుడో లెక్కల్లో చదివే ఉంటాను. ఆ ముసలమ్మ వల్ల ఇప్పుడు అర్థమైంది.

"రహీమ్ సాబ్" క్యాసెట్ మొత్తం ఫుట్‌బాలే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినప్పుడూ కోచ్ ఆయనే. తాత మ్యాచ్ ఉన్న రోజు డ్యూటీ మార్చుకుని ఫతే మైదాన్‌కి పోయేవాడు. రహీమ్ గారిని దూరం నుంచి చూడటమే కానీ ఒక్కసారీ మాట్లాడలేదట. "ఆయన బస్సెక్కితే టిక్కెట్ కొట్టక పోదును" అంటాడు టేపులో. అమ్ముగూడ నుంచి వెళ్ళి దేశానికి ఆడిన తులసీదాస్ బలరాం అంటే మరీ ప్రాణం. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ వార్త నేనే తాతకి చదివి వినిపించాను. మంచం మీద నుంచి, "అమ్ముగూడ పిలగాడు పోయిండా?" అన్నాడు. ఆ పిలగాడికి ఎనభై దాటాయి. తాత కంటే ఆరేళ్ళు చిన్న.

"అమ్మా కీ తుగ్యానీ" అంటే 1908 మూసీ వరద. వాళ్ళమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళట. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని అందరూ చెప్పుకునే మాటని తాత తన తల్లి గొంతుతో చెప్తాడు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నా కొడుకుని తీసుకెళ్ళి దాని కింద ఆ ఫైలు వినిపించాను.

"రేడియో కా దిన్" గురించి కొంచెం ఆగి రాయాలి. 1948 సెప్టెంబర్ 17. తాతకి పద్దెనిమిది. సుల్తాన్ బజార్‌లో ఒక హోటల్ ముందు జనంతో నిలబడి నిజాం మాటలు రేడియోలో విన్నానని మొదలుపెడతాడు. ఇంటికి నడిచిపోతూ తోవలో ఏం చూశాడో చెప్పబోయి ఆగిపోతాడు. టేపు తిరుగుతూనే ఉంటుంది. నాలుగు నిమిషాలు. ఛత్తా బజార్ పెద్దాయన నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ నాలుగు నిమిషాలు మాట లేదు. ఫ్యాను ఉంది, గడియారం ఉంది, ఆయన ఊపిరి ఉంది. కోయనా, ఉంచనా?" అని అడిగారు. ఉంచమన్నాను. "నేనూ అదే అనుకున్నా" అన్నారు. ఆ క్యాసెట్‌లో తాత మళ్ళీ నోరు తెరిచి, "ఇగ గది ఇడిసిపెట్టు" అని పతంగి కాగితాల గురించి మాట్లాడతాడు. తాత మాట్లాడకుండా ఉండటం ఆయన బతికి ఉన్నప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

పెళ్ళి క్యాసెట్ రెండు భాగాలు. అందులో సంగతులు నానమ్మ తరపు వాళ్ళు ఒప్పుకోరు కాబట్టి రాయను. కానీ రెండో భాగం చివర్లో తాత తన గొప్పలు చెప్పుకుంటుంటే వంటింట్లోంచి నానమ్మ గొంతు, "అన్నీ అబద్దాలే, ఇగో బువ్వ సల్లారుతుంది రా" అని వినిపిస్తుంది. నానమ్మ 1996లో పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. ఈ పదిహేను గంటల్లో అన్నీ కలిపి ఆరేడు చోట్ల వస్తుంది, రోకలి చప్పుడుతో, గిన్నెల చప్పుడుతో. పెద్దాయన ఆ చోట్ల నిమిషాలు, సెకన్లు ఒక కాగితం మీద రాసిచ్చారు. నేను అడగలేదు.

ఖర్చు రాస్తాను. క్యాసెట్‌కి 350, పదమూడింటికి 4,550. కొత్త పెట్టెలు మూడు, ఒక్కోటి 150, మొత్తం 5,000 అయింది. వెయ్యి అడ్వాన్సు తీసుకున్నారు. యూపీఐ ఉంది, కార్డు లేదు. ప్రతి టేపుకీ రెండు ఫైళ్ళు ఇచ్చారు, ఉన్నది ఉన్నట్టు ఒకటి, కాస్త బుసబుస తగ్గించింది ఒకటి. గంటకి దాదాపు 600 ఎంబీ అవుతుంది, 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళండి. ఫోన్‌లో పంపుకోవడానికి చిన్న ఎంపీ3 ఫైళ్ళు విడిగా అడగాలి, అడిగితే ఇస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. మూడు వారాలన్నది ఏడు వారాలు పట్టింది. ఫోన్ పగలు ఎత్తరు, సాయంత్రం ఐదు దాటాక ఎత్తుతారు. నాన్నకి డెబ్బై, ఆ మెట్లు ఎక్కలేక కింద కార్డుల షాపులో కూర్చున్నాడు. రెండు క్యాసెట్ల ఏ సైడు, బీ సైడు తారుమారై పేర్లు పడ్డాయి, చెబితే అప్పటికప్పుడు సరిచేశారు. బండి పార్కింగ్ ఆశించకండి, ఆటోలో వెళ్ళండి. ఏడు వారాలు టెన్షన్ పడ్డ మాట నిజమే, రోజుకొక టేపు కంటే ఎక్కువ చేయనని ఆయన ముందే చెప్పి ఉంటే బాగుండేది. చేసిన పనికి మాత్రం నేను వంక పెట్టలేను.

ఇక పద్నాలుగోది. నేను ఆత్రంతో ఇంట్లో వేసి నలిపిన క్యాసెట్ అదే. వాన నీళ్ళు ఎక్కువగా తగిలింది కూడా దానికే. చుట్లు ముద్దలా అతుక్కుపోయాయి, లాగితే గోధుమరంగు పూత ఊడి వస్తోంది. పెద్దాయన కొంచెం ప్రయత్నించి ఆపేశారు. డబ్బు తీసుకోలేదు. దాని మీద లేబుల్ "సాత్ జెడ్, ఆఖ్‌రీ ట్రిప్".

7జెడ్ అంటే డబుల్ డెక్కర్. జూ పార్క్ నుంచి హైకోర్టు, అఫ్జల్‌గంజ్, అబిడ్స్, ట్యాంక్ బండ్ మీదుగా సికింద్రాబాద్ స్టేషన్. తాత చివరి ఏళ్ళన్నీ దాని మీదే. రిటైరైన రోజు పై అంతస్తులో ముందు సీట్లో నానమ్మని, నాన్నని, నన్ను కూర్చోబెట్టి, మా ముగ్గురికీ సొంత డబ్బుతో టిక్కెట్లు కొట్టాడు. తనకి కూడా ఒకటి. ఆ రోజు నాకు చెట్ల కొమ్మలు అద్దానికి తగలడం గుర్తుంది, ఆయన ఏం మాట్లాడాడో గుర్తు లేదు. 2023లో కొత్త ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు కారులో ట్యాంక్ బండ్ తీసుకెళ్ళి చూపించాం. అద్దం దించమని, ఉన్న బలమంతా కూడదీసుకుని "హోల్డాన్!" అని అరిచాడు. బస్సు ఆగలేదు. "రైట్, రైట్" అని తనే పంపించేశాడు.

ఆ క్యాసెట్ నేను తెచ్చుకోలేదు, ఛత్తా బజార్‌లోనే ఉంది. వానలు పోయి గాలి పొడిగా అయ్యాక ఇంకోసారి చూస్తానని, తొందరపెట్టొద్దని అన్నారు. దసరా అయ్యాక వెళ్తాను.